అందరికీ కుదిరే ఆదివారం

2019 ఏప్రిల్ 11న మా నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి జరిగిన పోలింగ్‌ను దేశమంతా వింతగా చూసింది. బరిలో 185 మంది. అందులో 178 మంది రైతులు. పసుపు బోర్డు ఏదీ, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర ఏదీ అని అడగడానికి నామినేషన్ వేసినవాళ్లు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చారు. ఓటరు మొదటి మిషన్ దగ్గర మొదలుపెట్టి తన గుర్తు దొరికేదాకా బల్ల వెంబడి నడుచుకుంటూ పోవాలి. అంత తతంగమూ సాయంత్రం ఆరింటికల్లా ముగిసింది. లక్షల మంది జనం ఒక్క పూటలో తమ మాట చెప్పేసి ఇంటికి పోయి అన్నం తిన్నారు.

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపుకు మాత్రం అందరూ ఒకచోట కలవడానికి యాభై రెండు ఆదివారాల్లోంచి ఒకదాన్ని ఎన్నుకోవడం ఏళ్ల తరబడి చేతకాలేదు.

మేం బోధన్ షక్కర్‌నగర్‌లో 1996లో పదో తరగతి గట్టెక్కినవాళ్లం. ఇప్పుడు మాలో ఒకడు దమ్మామ్‌లో ఏసీ మెకానిక్కు, ఒకడు దుబాయ్‌లో డ్రైవరు, ఒకడు డాలస్‌లో సాఫ్ట్‌వేరు, ఒకడు భివండిలో మరమగ్గాల మేస్త్రీ, ఒకడు ఆర్మూరు పక్కన పసుపు రైతు, ఒకడు వర్ని దగ్గర క్యాంపులో వరి రైతు, ఒకడు బోధన్‌లోనే హోటల్ యజమాని. ఆడపిల్లలు నాందేడ్ నుంచి పుణె దాకా అత్తగారి ఊళ్లలో సర్దుకున్నారు. అసలు పేర్లు ఎప్పుడో రద్దయ్యాయి. అందరి ఫోన్లలోనూ దమ్మామ్, డాలస్, భివండి అనే సేవ్ అయి ఉంటాయి. మొన్న డాలస్ వాళ్ల అమ్మ దుకాణానికి వచ్చి, కొడుకును పేరుపెట్టి "మావోడు నీకేమన్న ఫోన్ చేసిండా బిడ్డా?" అని అడిగితే, ఆ పేరుగలవాడు ఎవడబ్బా అని కాసేపు ఆలోచించాను.

నాది బోధన్‌లో ఎరువులు, పురుగుమందుల దుకాణం. ఊళ్లో మిగిలినవాడే కన్వీనర్ అనేది ఇలాంటి గ్రూపుల రాజ్యాంగంలో మొదటి అధికరణ. "నువ్వు ఊర్లనే ఉంటవ్ గదరా, నీకేం పని?" అంటాడు దుబాయ్. ఊరు విడిచి పోయినవాడికే పని ఉంటుందనీ, ఉన్నవాడు అరుగు మీద కూచుని వీళ్ల రాక కోసం రోడ్డు చూస్తుంటాడనీ వాళ్ల గట్టి నమ్మకం. యూరియా లోడు దిగుతుంటే, దుకాణం ముందు రైతులు మనుషులకు బదులు చెప్పులు వరుసలో పెట్టి టీకి పోతే, ఆ చెప్పుల మీద జరిగే పంచాయితీలు నేను తీరుస్తుంటే, జేబులో ఫోన్ మోగుతుంది. "ఏమైందిరా డేటు?"

ఈ జబ్బు సోమవారం పొద్దున పేపర్లో మొదలవుతుంది. జిల్లా పేజీలో ఒక గ్రూపు ఫోటో ఉంటుంది. ముందు వరుసలో కుర్చీల మీద శాలువాలు కప్పుకున్న సార్లు, వాళ్ల వెనక ఒకే రంగు చీరల్లో ఆడవాళ్లు, ఆ వెనక ఒకే రకం టీషర్టుల్లో, ఒకే రకం పొట్టలతో మగవాళ్లు. కింద వార్త. ఇన్నేళ్ల తర్వాత ఒక్కచోట చేరారు, నాటి జ్ఞాపకాలు నెమరువేసుకున్నారు, గురువులను ఘనంగా సన్మానించారు, ఆనందంగా గడిపారు. విలేకరి ఇంట్లోంచి కదలకుండా రాయగల వార్త అది. మన బ్యాచ్ కానంతవరకు దాన్ని ఎవరూ చదవరు. మన వెనక బ్యాచ్ వాళ్లదైతే మాత్రం కడుపు మండుతుంది. ఏడు దాటకముందే దుబాయ్ వాడు ఆ ఫోటో గ్రూపులో పెట్టి, "మన జూనియర్లు కలిసిండ్రు. మనదెప్పుడురా?" అంటాడు. ఆ వెంటనే అందరూ బొటనవేళ్లు ఎత్తుతారు. ఆ బొటనవేలికి సరే అని అర్థమా, చదివాను అని అర్థమా, ఇంకేమీ అడగొద్దని అర్థమా అన్నది ఎత్తినవాడికి కూడా తెలియదు.

ఇక తేదీ మొదలవుతుంది.

జనవరి అనుకుంటే క్యాంపు వాడు సంక్రాంతికి భీమవరం వెళ్తాడు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాల్వల్లో పారాక, కోస్తా నుంచి ఇటొచ్చి భూములు కొనుక్కుని క్యాంపులు కట్టుకున్న కుటుంబాలవి. తరాలు మారినా వీడికి పందెం కోడి అక్కడిదే కావాలి. ఫిబ్రవరిలో ఆర్మూరు వాడు పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలాలి. ఆ రోజుల్లో వాడికి ఫోన్ చేసి ఎట్లున్నవ్ అంటే క్వింటాలు ధర చెప్తాడు. మార్చిలో బ్యాంకులో ఉన్నవాడికి ఏడాది లెక్కలు, టీచరైనవాడికి పదో తరగతి పరీక్షలు. ఏప్రిల్‌లో యాసంగి కోతలు. మేలో పెళ్లిళ్లు, పైన నిజామాబాద్ ఎండ. ఆ ఎండలో చెట్టు కింద దావత్ అంటే మటన్ ఉడుకుతుందో మనం ఉడుకుతామో తెలియదు. జూన్, జులైల్లో పిల్లల సెలవులని డాలస్ వాడు దిగుతాడు. సరిగ్గా అప్పుడే తొలకరి, నార్లు, నాట్లు, నా దుకాణం ముందు చెప్పులు.

శ్రావణంలో సగం మంది నీచు ముట్టరు. భాద్రపదంలో గణపతి. నిమజ్జనం అయిపోయిందనుకుంటే పెత్రమాస. కార్తీకం వస్తే ఉపవాసాలు, వెన్నంటే అయ్యప్ప మాలలు. నవంబరు నుంచి మకరజ్యోతి దాకా గ్రూపులో ఎవరో ఒకరు స్వామే. స్వాములను దావత్‌కు పిలిస్తే దేవుడికి కోపం, పిలవకపోతే స్వాములకు కోపం. రంజాన్‌ది చంద్రుడి లెక్క. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ మేం ఖాళీ అనుకున్న నెలలో వచ్చి కూచుంటుంది. హోటల్ వాడికి ఆ నెలంతా హలీం గుండిగల దగ్గర ఊపిరాడదు. వాడిది మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "భాయ్, డేట్ బోలో. బిర్యానీ మేరా జిమ్మా." వాడొక్కడే బాధ్యత తీసుకునేది. వాడి బాధ్యత తేదీ తర్వాతే మొదలవుతుంది.

దమ్మామ్ వాడి సంగతి పంచాంగానికి కూడా అందదు. వాడి చుట్టీ రెండేళ్లకోసారి. అది ఏ నెలలో వస్తుందో వాడికి తెలియదు. అక్కడి యజమాని, అంటే కఫీల్ మనసులో ఉంటుంది. వాడి బదులు పనిచేసేవాడు ఇంకో చుట్టీ నుంచి తిరిగిరావాలి. వాడు తిరిగొచ్చి, వీడి పాస్‌పోర్టు మీద పని పూర్తయి, టికెట్ చేతికొచ్చాక గ్రూపులో పెడతాడు, "ఎల్లుండి వస్తున్న. అందరు ఖాళీగ ఉండుండ్రి."

అందరూ ఖాళీగా ఉంటే ఈ వ్యాసం ఎందుకు?

2022 చివర్లో వాట్సాప్ వాళ్లు పోల్ అనే సదుపాయం పెట్టారు. ఒక ప్రశ్న కింద 12 దాకా జవాబులు పెట్టుకోవచ్చు. మా జిల్లాకు ఈ పన్నెండు అచ్చొచ్చిన సంఖ్యే కదా అని పన్నెండు ఆదివారాలు పెట్టాను. భివండి అన్నింటికీ టిక్కు పెట్టాడు. కారణం అడిగితే, "ఎప్పుడు పెట్టినా రాను గాని, మీకు సపోర్టు" అన్నాడు. దుబాయ్ ఒకదానికి పెట్టి, మర్నాడు తీసేసి, ఇంకోదానికి పెట్టాడు. ఆర్మూరు వాడు, "పదమూడోది ఎందుకు పెట్టలే?" అన్నాడు. మిగతావాళ్లు ఒక వాక్యం రాశారు. తేదీల చరిత్రలో దీనంత ప్రమాదకరమైన వాక్యం ఇంకొకటి పుట్టలేదు. "అందరికి ఏ డేటు ఓకే అయితే నాకు గూడ అదే ఓకే."

వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఇందులో నాది అనే స్వార్థం లేదు, ఇదే కావాలనే మొండితనం లేదు. ఒకరు అంటే మంచితనం. గ్రూపులో సగం మంది అంటే మాత్రం ఎవరి వైపు చూసినా ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. ఇంత పెద్దమనుషులతో ఏ పనీ కాదు. కాస్త స్వార్థపరుడు ఒక్కడుంటే చాలు, 'నాకు ఇరవయ్యో తారీఖు తప్ప ఇంకేదీ కుదరదు' అని కూచుంటే, మిగతావాళ్లు తిట్టుకుంటూనైనా ఇరవైకి వస్తారు.

ఆ పోల్ మీద చర్చ ఇంకాస్త వేడెక్కేలోపు ఎవరిదో పుట్టినరోజు వచ్చింది. అరవై కేకులు, నలభై పూలగుత్తులు తెరను కప్పేశాయి. ఎవడో కేకుల మధ్యలోంచి "పోల్ ఏదిరా?" అన్నాడు. పైకి జరపగా జరపగా కనిపించేసరికి అందులోని మొదటి మూడు ఆదివారాలు గడిచిపోయాయి.

తేదీ కుదరకపోతే చోటైనా తేల్చుదామని డాలస్ వాడు ముందుకొచ్చాడు. వాడిది లెక్కల బుర్ర. అందరికీ సమానదూరంలో మధ్యన కలుద్దాం, ఎవరికీ అన్యాయం ఉండదన్నాడు. మొదట దమ్మామ్‌కూ బోధన్‌కూ మధ్య గీత గీసి నడుమ చుక్క పెట్టి పంపాడు. చుక్క అరేబియా సముద్రంలో పడింది. "ఆడ ఫంక్షన్ హాల్ లేదు భాయ్," అన్నాడు హోటల్ వాడు.

నేలమీదికి వచ్చాక అలీసాగర్ అన్నారు, అశోక్‌సాగర్ అన్నారు, పోచంపాడ్ అన్నారు. హైదరాబాద్ శివారులో రిసార్ట్ అన్నవాడిని ముగ్గురు తిట్టారు. ఈ వాదంలోనే దూరానికి సంబంధించిన ఒక సూత్రం బయటపడింది. డాలస్ నుంచి రావాలంటే రెండు విమానాలు మారి శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి నాలుగు గంటలు కారులో కూచోవాలి. వాడు "వస్త రా, ఎట్లనన్న వస్త" అంటాడు. నిజామాబాద్‌లో ఉన్నవాడికి బోధన్ పాతిక కిలోమీటర్ల చిల్లర. ఆర్టీసీ బస్సెక్కి ఎడపల్లి దాటితే అయిపోయింది. వాడేమో, "బోధన్ దాంక ఎవడొస్తడురా? నిజామాబాద్‌ల పెట్టుండ్రి" అంటాడు. సముద్రాలు దాటేవాడికి దూరం ఒక ముచ్చట. ఊరు దాటాల్సినవాడికి అదొక పెద్ద ప్రయాణం.

దూరదేశాల వాళ్లను కనీసం వీడియోలో ముందు కూచోబెట్టి ఒక మీటింగ్ పెడదామంటే గడియారాలు అడ్డం. మనకు ఆదివారం పొద్దున తొమ్మిదంటే డాలస్‌లో శనివారం రాత్రి పదిన్నర, బానే ఉంది. దమ్మామ్‌లో ఆరున్నర. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పనిదినం, వాడు అప్పటికి కంపెనీ బస్సులో ఉంటాడు. దుబాయ్‌లో కూడా సెలవు శుక్రవారమే ఉండేది. 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మార్చారు. దాంతో గల్ఫ్ వాళ్లిద్దరికీ ఒకరి సెలవు ఒకరికి తెలియకుండా పోయింది. ఆదివారం రాత్రి తొమ్మిదికైతే ప్రపంచమంతా మేలుకునే ఉంటుంది. ఆ వేళకు భివండి వాడు రాత్రి షిఫ్టుకు మగ్గాల మధ్య నిలబడి ఉంటాడు. వీడియో ఆన్ చేస్తే టకటకా తప్ప మనిషి మాట వినిపించదు. ఇవన్నీ లెక్కగట్టి ఒక వేళ ఖాయం చేస్తే నవంబరు మొదటి ఆదివారం వచ్చింది. అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. మేం మాట్లాడుకుని ఫోన్లు పెట్టేసిన తర్వాత డాలస్ వాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తెరమీదికి వచ్చాడు.

అమ్మాయిల నంబర్లు సంపాదించడం ఇంకో పురాణం. మగపిల్లలు ఎక్కడికి పోయినా వాళ్ల ఇంటిపేరు, ఊరి టీకొట్టు, పాత అప్పు ఉంటాయి కాబట్టి దొరుకుతారు. ఆడపిల్లలకు ఇంటిపేరు మారింది, ఊరు మారింది. దారి ఒకటే, వాళ్ల అన్నదమ్ములు. యాభైకి దగ్గరపడుతున్న నేను, ట్రాక్టర్ షోరూమ్‌లో కూచున్న ఒక తమ్ముడి ముందు నిలబడి "మీ అక్క నంబర్ కావాలె తమ్మీ" అంటే, వాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి "ఎందుకు?" అన్నాడు. గెట్‌ టుగెదర్ అని చెప్పి, పోల్ చూపించి, పాత గ్రూపు ఫోటోలో వాళ్లక్కను చూపించాక నంబర్ ఇచ్చాడు. ఇచ్చి, నా ముందే ఆమెకు ఫోన్ చేసి, "ఎవరో వచ్చిండు, మీ క్లాసంట" అన్నాడు.

ఆమే నాందేడ్. గ్రూపులో చేర్చిన పూటే పోల్ చూసింది, కేకులు చూసింది, ఆ పెద్దమనుషుల వాక్యాలన్నీ చదివింది. ఆ తర్వాత రాసింది. "నేను బతుకమ్మకు తల్లిగారింటికి వస్త. దసరా ఐనంక రెండు మూడు దినాలు ఉంట. అండ్ల పెడితే వస్త. లేకుంటే ఫోటో పంపుండ్రి." మొత్తం గ్రూపు చరిత్రలో అదే మొదటి జవాబు. మిగతావన్నీ అభిప్రాయాలు.

ఆ రెండు లైన్లు చదివాక నాకు షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గుర్తొచ్చింది.

నిజాం కాలంలో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు. మా నాన్నల కాలంలో బోధన్ చుట్టుపక్కల ఎవరికీ సొంత తేదీలు లేవు. చెరుకు నరికాక ఎండ తగులుతున్నకొద్దీ బరువు పోతుంది, తీపి పోతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరాలి. అందుకని ఎవరి చేను ఏ రోజు కొట్టాలో ఫ్యాక్టరీ చెప్పేది. కటింగ్ ఆర్డర్ వచ్చిందంటే రైతుకు ఆ రోజు కుదురుతుందా అని అడిగినవాళ్లు లేరు. కూలీలు మరాఠ్వాడా నుంచి ఎడ్లబండ్లతో దిగేవాళ్లు. కాంటా దగ్గర బండ్లు బారులు తీరేవి. బడి వదలగానే మేం ఆ బండ్ల వెనక పరుగెత్తి గడలు లాగేవాళ్లం. సీజన్ నడిచినన్నాళ్లు సైరన్‌కే షిఫ్టు, సైరన్‌కే అన్నం, సైరన్‌కే బడి. చెరుకు బిల్లు వచ్చాకే పెళ్లి. దుకాణంలో ఖాతా తీరేదీ అప్పుడే. సీజన్ ముగిశాక ఊరంతటికీ ఒకేసారి తీరిక. అప్పట్లో నలుగురు స్నేహితులు కలవాలంటే ఎవడూ ఎవడినీ అడిగేవాడు కాదు. సాయంత్రం రోడ్డు మీదికొస్తే ఉండేవారు.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించే దారి చూడమని 2024 జనవరిలో ప్రభుత్వం ఒక కమిటీని కూడా వేసింది. మా గ్రూపులోనూ తేదీ కోసం ఒక కమిటీ ఉంది కాబట్టి, కమిటీల పనితీరు గురించి నేనేమీ అనను. సైరన్ ఆగిపోయిన తర్వాత ఒక్కొక్కడి తేదీ ఒక్కో చోటికి పోయింది. ఒకడిది కఫీల్ దగ్గర, ఒకడిది డాలస్ మేనేజర్ దగ్గర, ఒకడిది మగ్గం షేటు దగ్గర, ఒకరిది అత్తగారి దగ్గర. ఎవరి చేతిలోనూ వాళ్ల ఆదివారం లేదు. లేనిదాన్ని గ్రూపులో పెట్టమంటే మర్యాదగా "మీకు ఓకే అయితే నాకూ ఓకే" అనక ఏమంటారు?

లోకంలో దూరదూరాల జనం నిజంగా కలుస్తున్న చోట్లు చూడండి. గోదావరి పుష్కరాలకు ఎవరూ పోల్ పెట్టరు. బృహస్పతి సింహరాశిలోకి పోయినప్పుడే పుష్కరాలు. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. మా కందకుర్తి త్రివేణి సంగమంలో, గోదావరీ మంజీరా హరిద్రా కలిసే చోట, లక్షల మంది దిగి మునిగారు. బృహస్పతి వాళ్లలో ఒక్కడి వీలు కూడా కనుక్కోలేదు. అమెరికాలో తానా వాళ్లు 1977లో న్యూయార్క్‌లో తొలి సభలు పెట్టినప్పటి నుంచి దేశంలోని నాలుగు మూలల తెలుగువాళ్లను ఒకచోట కూచోబెడుతున్నారు. రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం, జులై నాలుగు సెలవుల దరిదాపుల్లో. రాగలిగినవాడు వస్తాడు. రానివాడు రెండేళ్లు ఆగుతాడు. అందరినీ అడిగి పెట్టి ఉంటే ఆ తొలి సభల తేదీ మీద ఇప్పటికీ చర్చ నడుస్తుండేది.

నాందేడ్ మాట పట్టుకుని, ముందు లెక్కల సార్‌ను పిలిచి వద్దామని హోటల్ వాడూ నేనూ నిజామాబాద్ వెళ్లాం. సార్ రిటైరై వినాయక్‌నగర్‌లో ఉంటారు. ముందు గదిలో గోడంతా మెమెంటోలే. అద్దంలో సరస్వతి, గాజు పలకలో పుస్తకం, గడియారం ఉన్న హంస. గడియారాల్లో ఏ రెండూ ఒకే టైము చూపించడం లేదు. లోపలి గదిలో మంచం మీద పరిచిన దుప్పటి చూస్తే, నాలుగు శాలువాలు కలిపి కుట్టింది. అమ్మ టీ తెచ్చి ఇస్తూనే, "మెమెంటో మాత్రం తేకుండ్రి బిడ్డా, పెట్టనీకి జాగ లేదు. తేవాల్ననుకుంటే కుక్కర్‌కు గ్యాస్‌కెట్ తెండ్రి" అంది.

సార్ అద్దాలు పెట్టుకుని ఒక విత్తనాల కంపెనీ డైరీ తీశారు. "దసరా తెల్లారి 99 వాళ్లు పొద్దున, రెండువేల నాలుగు వాళ్లు సాయంత్రం. మూడో నాడు పదింటికి ఇంటర్ వాళ్లు. ఒంటిగంట నుంచి నాలుగు దాంక ఖాళీ. రాసుకోనా?"

"అందర్ని అడిగి చెప్త సార్," అన్నాను.

"అడుగుడు ఎందుకు? చెప్పు."

"శానమందికి కుదరదేమో సార్."

సార్ డైరీ మీంచి తలెత్తారు. ఒకప్పుడు సైన్ తీటా తప్పు చెప్పినప్పుడు చూసిన చూపే. "బడికి రోజూ అందరు వచ్చిండ్రా? ఐనా నేను హాజరు తీసుకున్న గద?"

హోటల్ వాడు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని అక్కడే టైపు చేశాడు. దసరా మూడో నాడు, మధ్యాహ్నం ఒంటిగంట, అలీసాగర్. బగారా అన్నం, మటన్. తిననివాళ్లకు పప్పు, వంకాయ. సార్ వస్తరు. అంతే. చివర ప్రశ్నార్థకం లేదు, 'ఓకేనా' లేదు, 'మీ అభిప్రాయాలు' లేవు. గ్రూపు కొంతసేపు ఉలిక్కిపడ్డట్టు ఊరుకుంది. తర్వాత నాందేడ్ "వస్తున్న" అంది. ఆర్మూరు వాడు "పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలె, జెర జల్ది పెట్టుండ్రి" అని, అంటే వస్తానని ఒప్పుకున్నాడు. భివండి వాడు దసరాకు ఎలాగూ ఊరికొస్తాడట. ఆ సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేమంటే, "మీరు అడిగింది ఆదివారాలు గదా" అన్నాడు.

ఆ రోజు అలీసాగర్‌లో చెట్ల కింద దుప్పట్లు పరిచాం. సగం మంది వచ్చారు. సగమంటే ఎంతో లెక్కపెట్టేలోపే ఇంకో కారు వచ్చింది. క్యాంపు వాడు కవర్లో పూతరేకులు తెచ్చాడు. పుణె నుంచి వచ్చినావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి, "వీళ్లంతా మీ క్లాసేనా, నీకంటే పెద్దగా ఉన్నారే" అని తల్లి మనసు చల్లబరిచింది. మంచినీళ్ల జగ్గుకు ఫోన్ ఆనించి వీడియో పెట్టాం. దమ్మామ్ వాడు హెల్మెట్ పెట్టుకుని ఏదో బిల్డింగ్ మీద నిలబడి ఉన్నాడు. వెనకాల ఎవరో అరబ్బీలో కేకేస్తుంటే మాకు చేతులూపాడు. డాలస్‌లో తెల్లవారుజామున రెండున్నర. భార్యాపిల్లలు లేస్తారని వాడు గుసగుసగా మాట్లాడాడు. వాడి గుసగుస అందక మేం అరిచాం. మా అరుపులకు వాళ్లు లేచారు.

తిన్నాక సార్ నిలబడి, జేబులోంచి మడత కాగితం తీసి, రోల్ నంబర్ల వరసన హాజరు పిలిచారు. యాభైకి దగ్గరపడ్డ పొట్టలు లేచి "ప్రెజెంట్ సార్" అన్నాయి. దమ్మామ్ వాడి పేరు వచ్చినప్పుడు జగ్గు వైపు చూశారు. వాడు హెల్మెట్ తీసి "ప్రెజెంట్ సార్" అన్నాడు. డాలస్ వాడి పేరు మూడుసార్లు పిలిచారు. జవాబు లేదు. తెరమీద వాడి ఇంటి పైకప్పు కనిపిస్తోంది, గురక వినిపిస్తోంది. "ఒకప్పుడు క్లాసుల గూడ గిట్లనే ఉండె. వేసుకోండి హాజరు," అన్నారు సార్. నిజామాబాద్ వాడి పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. బండి పంక్చర్ అయిందని పన్నెండింటికి మెసేజ్ పెట్టాడు. బోధన్ అంత దూరం కూడా కాదు. సార్ ఆ పేరు ముందు పెన్నుతో సున్నా చుట్టారు.

లేవబోయే ముందు నేను "మల్ల ఎప్పుడు సార్?" అన్నాను. గ్రూపు అలవాటు నోటికొచ్చేసింది. సార్ డైరీ కూడా తీయలేదు. "వచ్చే ఏడు గూడ దసరా మూడో నాడు, ఒంటిగంటకే. రాసుకోండి. రాసుకోనోడు బెంచీ ఎక్కాలె."

రాత్రి ఆ మాటే గ్రూపులో పెట్టాను. కింద ఇరవై దాకా బొటనవేళ్లు లేచాయి. ఈసారి వాటి అర్థం గురించి నేను ఆలోచించలేదు. పదకొండింటికి నిజామాబాద్ వాడు ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుని, ఒక్కోదానికి ఒక్కో గుండె గుర్తు పెట్టి, చివర్లో రాశాడు.

"ఈసారి అందరికి కుదిరే డేటు పెట్టుండ్రిరా."

హోటల్ వాడు వాడికి సార్ గీసిన సున్నాను ఫోటో తీసి పంపాడు.